ఏడో మోపుబండ దాటాక

సారా ఆ మాట అడిగినప్పుడు లిదియమ్మ అరుగు మీద కూర్చుని చేటలో కందులు చెరుగుతూ ఉంది. క్రిస్మస్ పండుగ వెళ్ళి రెండు రోజులైంది.

"అవ్వా, దుర్గం పైకి పోవాలంటే ఎన్ని మోపుబండలు దాటాల?"

"ఏడు" అంది లిదియమ్మ, చేట ఆపకుండా.

ఉదయగిరిలో ఆ వీధి ఆడవాళ్ళని ఎవరినడిగినా అదే చెప్పేవాళ్ళు. లిదియమ్మ ఇరవై ఏళ్ళు దుర్గం కొండ నుంచి కట్టెలు తెచ్చి అమ్మి సంసారం ఈడ్చింది. తల మీద మోపుతో దిగే మనిషి అలసిపోయి దాన్ని నేల మీద పడేస్తే, తిరిగి నెత్తికెత్తడానికి ఇంకో మనిషి కావాలి. అందుకని దారి పక్కన నిలువెత్తు బండలు చూసి పెట్టుకున్నారు. మెడ వంచకుండా మోపును బండ మీదికి జరిపి, నాలుగు ఊపిర్లు పీల్చుకుని, మళ్ళీ తలను దాని కిందికి చేర్చి నడిచేవాళ్ళు. బండ లేని చోట రాళ్ళు పేర్చి వాళ్ళే కట్టుకున్నారు. అవే మోపుబండలు. మైళ్ళూ గంటలూ వాళ్ళ లెక్కలో లేవు. ఫలానా చోట పాము కనబడిందంటే మూడో బండ దగ్గరనో, అయిదో బండకి ఇవతలనో అని చెప్పుకునేవాళ్ళు. మోకాళ్ళు పట్టేశాక, ఆరేళ్ళ కిందట లిదియమ్మ కొండ మానేసింది. లెక్క మాత్రం నోటికొచ్చిన పాటలా ఉండిపోయింది.

"ఏడే గదా" అంది సారా, తనలో తను.

సారాకి పదకొండేళ్ళు. అమ్మా నాయనలతో ఆత్మకూరులో ఉంటుంది, ఆరో తరగతి. పండక్కి అవ్వ దగ్గరికి వచ్చింది. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు చచ్చుబడిపోయింది. మోకాలి పైదాకా ఇనప కమ్మీలు, తోలు పట్టీలు, అడుగున బూటు. నడిస్తే టక్కుమని ఒక చప్పుడు, ఆ వెనక ఈడ్చుకున్నట్టు ఇంకో చప్పుడు. నాలుగేళ్ళు వచ్చేదాకా ఆ పిల్లని చంక దించకుండా మోసింది లిదియమ్మే. అంతకాలం మోసి ఉండకూడదని ఆమెకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

జనవరి నెలాఖరున స్కూలు పిల్లల్ని దుర్గానికి తీసుకుపోతున్నారు. డ్రిల్లు అయ్యవారు పేర్లు రాసుకుంటూ, "సారా బస్సులో ఉంటుంది. వంట సామాన్లకి ఒక మనిషి కావాలి గదా" అన్నాడు. చెడ్డగా అనలేదు, మంచి ఏర్పాటు చేశాననుకున్నాడు. సారా ఏడవలేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఒక్కతే హెడ్మిస్ట్రెసు గదికి పోయి నిలబడింది. ఆమె కాసేపు చూసి, "పైన మసీదు దాకా ఎక్కగలదని మీ నాయన చేత రాయించుకురా. అప్పుడు చూద్దాం" అంది.

తండ్రి శాంతికుమార్ బస్సు కండక్టరు. చూడంది రాయను అన్నాడు. "నా కళ్ళ ముందర మసీదు దాకా ఎక్కు, రాసిస్తా" అన్నాడు. అంటే ఆ పిల్ల ఊరుకుంటుందని అతని ఉద్దేశం. ఊరుకోలేదు. అతని తల్లీ ఊరుకోలేదు.

"రెండో శనివారం సెలవు పెట్టుకుని రారా అబ్బయ్యా. నేను తీసకపోతా" అంది లిదియమ్మ.

"నీ మోకాళ్ళు?"

"అవి నావి. నీకెందుకు?"

* * *

రెండో శనివారం తెల్లవారక ముందే అవ్వ ఇంట్లో నలుగురూ లేచారు. కోడలు రూబీ పులిహోర కలిపి, కోడిగుడ్లు ఉడకబెట్టి, టిఫిను క్యారియరు సర్దింది. అయిదు లీటర్ల క్యానులో నీళ్ళు పట్టింది. లిదియమ్మ వాకిట్లో నిలబడి చిన్న ప్రార్థన చేసింది. కాళ్ళకి బలమివ్వు ప్రభువా, ఈ నా కొడుక్కి నోరు కట్టేయి ప్రభువా అంది. రూబీ కళ్ళు మూసుకునే నవ్వింది.

కొండ మొదట్లో రేగుపొదలు, వాటి మధ్య మేకలు తొక్కిన సన్నబాటలు. మంచుకి ఆకులు తడిసి ఉన్నాయి. లిదియమ్మ ముందు, ఆమె వెనక సారా, ఆ వెనక రూబీ. క్యారియరు సంచీ, నీళ్ళ క్యాను పట్టుకుని శాంతికుమార్ చివర.

మొదటి బండ దగ్గరికి వచ్చేసరికి తూరుపు తెల్లబడింది. రూబీ బండ పక్కనే చతికిలబడబోయింది.

"కూర్చోబాక" అంది లిదియమ్మ.

"ఒక్క నిమిషం అత్తా."

"కూర్చుంటే కాలు గడ్డకట్టుకుపోద్ది. వీపు బండకి ఆనించి నిలబడు. నాలుగు ఊపిర్లు. అంతే."

రూబీ నిలబడింది. సారా అప్పటికే నిలబడి ఉంది, రెండు చేతులూ వెనక్కి పెట్టి, బండకి వీపానించి. ఇనప కాలిని కొంచెం ముందుకి చాపింది. లిదియమ్మ ఆ పిల్ల ఊపిర్లు తన మనసులో లెక్కపెట్టి, నాలుగు కాగానే కదిలింది.

రెండో బండ దాటాక అడవి చిక్కబడింది. చండ్ర చెట్లు, బలుసు పొదలు. ఎక్కడో నెమలి అరిచింది. బాట నిటారుగా లేచింది. టక్, ఈడ్పు. టక్, ఈడ్పు. వెనక నుంచి శాంతికుమార్, "వీపున ఎక్కమ్మా కొంచెం దూరం. ఎవరూ చూడరు" అన్నాడు.

"ఎక్కితే నువ్వెక్కినట్టు నాయనా, నేను ఎక్కినట్టు గాదు" అంది సారా వెనక్కి తిరగకుండా.

"నీ నోటికి టికెట్టు కొట్టలేను."

"అయితే గమ్మున రా."

మూడో బండ తర్వాత నాలుగోది కూతవేటు దూరంలోనే ఉంది. సారాకి అది నచ్చింది. "అవ్వా, ఇంత దగ్గరగా ఎందుకు పెట్టినారు?"

"దిగేటప్పుడు మోకాళ్ళు వణికే చోటు ఇదే. ఈ రాళ్ళు పేర్చింది మాతో కట్టెలకొచ్చే పెంచలమ్మ. ఏడో నెల కడుపుతో ఉన్నింది అప్పుడు. ఇంకొక్క అడుగు వేస్తే పడతానని తెలిసి, మోపు ఆడనే పారేసి, మర్నాడొచ్చి కట్టింది."

"మళ్ళా కట్టెలకొచ్చిందా?"

"రాకపోతే ఈ రాళ్ళు ఎవరికోసం పేర్చినట్టు?"

సారా ఆ రాళ్ళని ఓసారి తడిమి చూసి నడిచింది. అయిదు. ఆరు. ఆరో బండ దగ్గర పిల్ల ముఖం చెమటతో తడిసిపోయింది, కానీ కళ్ళలో వెలుగొచ్చింది. "ఇంకొకటే" అంది. ఆ మాట తనకి తనే చెప్పుకుంది. వారం రోజులుగా మంచంలో పడుకుని ఏడు దాకా లెక్కపెట్టుకుంటోందని, ఆరు మీద ఆగి ఊపిరి బిగపట్టేదని లిదియమ్మకి రూబీ చెప్పింది.

ఏడో బండ పెద్దది, నల్లటిది, పైన చదునుగా ఉంటుంది. సారా దాన్ని రెండు చేతులా ముట్టుకుంది. ముట్టుకుని తలెత్తి చుట్టూ చూసింది.

"మసీదేదవ్వా?"

లిదియమ్మ కూడా తలెత్తి చూసింది.

ఎదురుగా చెట్ల పైన కోటగోడ, గోడ పైన ఇంకో గట్టు, ఆ గట్టుకి అవతల, ఆకాశానికి ఆనుకుని, గోరంత తెల్లగా ఏదో ఉంది.

అక్కడే మేకలు మేపుకుంటున్న మాల్యాద్రి కర్ర మీద గడ్డం ఆనించి ఈ నలుగురినీ చూస్తున్నాడు. లిదియమ్మ కట్టెల కాలం నుంచీ ఆమెని ఎరిగినవాడు. "మసీదా? అదిగో, ఆ తెల్లంగా కనబడతా ఉండేది. ఇంకా మూడో వంతు ఉండాది దారి" అన్నాడు. "అదేంది లిదియమ్మక్కా, ఇన్నేళ్ళు కొండెక్కి మసీదు చూడలేదా నువ్వు?"

"మసీదులో కట్టెలుంటాయా ఏంది, చూసేదానికి" అంది లిదియమ్మ.

మాల్యాద్రి నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

లిదియమ్మకి అప్పుడు అర్థమైంది తను చేసిన పని. కట్టెలు దొరికే చోటు ఈ బండ దగ్గరే. ఇక్కడ నరుక్కుని, ఇక్కడ మోపు కట్టుకుని, ఇక్కణ్ణించి దిగేవాళ్ళు. ఇంతకన్నా పైకి పోవలసిన పని ఆ వీధిలో ఏ ఆడదానికీ పడలేదు. కొండెక్కి వచ్చినాం అంటే ఏడో బండ దాకా పోయి వచ్చినాం అనే. పైదాకా ఎన్ని అని పిల్ల అడిగితే, తమ పైనే పై అనుకుని ఏడు అనేసింది. ఇరవై ఏళ్ళు ఎక్కిన కొండ కొన ఎట్లా ఉంటుందో తనకే తెలియదు.

సారా బండ మీద నుంచి చేతులు తీసేసింది. "ఏడన్నావే" అంది.

"అన్నా."

"అబద్ధం చెప్పినావా?"

"అబద్ధం గాదు. మాకు ఏడే. నువ్వు మసీదు అడిగినావు, నేను కట్టెలు చెప్పినా. తప్పు నాదే."

శాంతికుమార్ క్యాను కింద పెట్టాడు. "చాలమ్మా. ఇంతదూరం ఎక్కింది, అదే గొప్ప. తొమ్మిదయింది, ఎండెక్కతా ఉండాది. దిగిపోదాం" అన్నాడు. సారా వైపు తిరిగి, "మూడు వంతుల్లో రెండు వంతులు ఎక్కిందని రాస్తాలే" అన్నాడు.

"రెండు వంతులంటే బస్సులో కాపలానే" అంది సారా. అవ్వ వైపు చూసింది. "ఇంకెన్ని ఉండాయి?"

ఏదో ఒక అంకె చెప్పేస్తే పిల్ల కదిలేది. మూడని చెప్పినా కదిలేది. లిదియమ్మకి నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదు" అంది. "పైన బండల్లేవు. మేం పెట్టలేదు."

పిల్ల మళ్ళీ పైకి చూసింది. తెలియని దారిలో ఎంతకని నడవాలి? ఆ కాలికి నడక కన్నా, ఎప్పుడు ఆగుతానో తెలియకపోవడమే కష్టం. లిదియమ్మకి ఆ సంగతి తెలుసు. మోపు కింద ఇరవై ఏళ్ళు నడిచిన మనిషికి తెలియకుండా ఉండదు.

ఆమె కాసేపు కోటగోడ వైపు చూసింది. తర్వాత కొంగు తీసి మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. కొడుకు దగ్గరికి పోయింది.

"ఆ సంచీ ఇయ్యి. ఆ క్యాను గూడా."

"ఎందుకు?"

"ఇయ్యరా."

క్యారియరు సంచీని, నీళ్ళ క్యానుని, పరుచుకోడానికి రూబీ తెచ్చిన దుప్పటినీ ఒకటిగా కట్టి తల మీదికి ఎత్తించుకుంది. బరువు తూకం చూసుకుంది. చాలలేదు. "ఆ రెండు రాళ్ళు గూడా పెట్టు" అంది.

"నీకేమన్నా పిచ్చా అమ్మా?"

"ఉత్త తలతో నడిస్తే యాడ ఆగాలో నాకెట్ట తెలిసిద్ది? మోపుంటే మెడ చెప్తాది. అది చెప్పినకాడ ఆగతా. ఆడొక బండ చూసుకుంటాం. సారా, అది ఎనిమిది."

శాంతికుమార్ భార్య వైపు చూశాడు, ఆమె అయినా వద్దంటుందేమోనని. రూబీ వంగి రెండు రాళ్ళు ఏరి అత్త మూటలో పెట్టింది.

"దిగేటప్పుడు ముగ్గుర్నీ నేనే మొయ్యాల్నేమో" అన్నాడు శాంతికుమార్.

"నీ టికెట్లు నువ్వు కొట్టుకో పో" అంది తల్లి, కదులుతూ.

* * *

ఎనిమిదో బండ కోటగోడ కిందే పడింది. గోడలోంచి జారిన రాయి ఒకటి నిలువుగా నాటుకుని ఉంది. లిదియమ్మ మెడ అక్కడ చాలంది. మూటని దాని మీదికి జరిపి నిలబడింది. సారా వచ్చింది. నాలుగు ఊపిర్లు.

గోడ దాటాక మెట్లు. ఎవరో ఏనాడో వేసిన రాతిమెట్లు, సగం కూలిపోయినవి, ఒక్కొక్కటీ మోకాలెత్తు. ఇనప కాలు వంగదు. సారా కుడి కాలు పైకి పెట్టి, పక్క రాయి పట్టుకుని, నడుముతో ఎడమ కాలిని ఈడ్చుకోవాలి. పదో మెట్టు మీద బూటు రాళ్ళ సందులో ఇరుక్కుంది. పిల్ల ముందుకి పడింది. మోచెయ్యి గీసుకుపోయింది.

శాంతికుమార్ రెండంగల్లో చేరుకున్నాడు. రూబీ కూర్చుని పట్టీ విప్పి చూసింది. తోలు ఒరుసుకుని తొడ పక్కన చర్మం లేచిపోయి, ఎర్రగా ఉంది. తల్లి దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఇంక చాలు" అన్నాడు శాంతికుమార్. ఈసారి గొంతులో కోపం లేదు, బతిమాలినట్టుంది. "బంగారూ, చాలే."

సారా తల్లి ముఖంలోకి చూసి, "కట్టమ్మా" అంది.

రూబీ తన జేబురుమాలు మడతపెట్టి పుండు మీద వేసి, పట్టీ ఒక చిల్లు వదులు చేసి కట్టింది. లిదియమ్మ పై మెట్టు మీద మూటతోనే నిలబడి ఉంది. దించుకునే చోటు లేదక్కడ. పిల్ల లేచేదాకా కదలకూడదని పళ్ళు బిగించి నిలబడింది.

తొమ్మిదో బండ మెట్ల పైన దొరికింది. దాని పక్కనే రాతిలో దొన ఉంది, వానాకాలం నీళ్ళు ఇంకా నిలిచి ఉన్నాయి. సారా అందులో చెయ్యి ముంచి మోచెయ్యి కడుక్కుంది. ఎండ చురుక్కుమంటోంది.

పదోది మరీ దగ్గరలోనే వచ్చింది. సారా వచ్చి బండకి ఆనలేదు. అవ్వ ఎదురుగా నిలబడింది.

"ముందే ఆగినావు" అంది.

"ఆగినా."

"నా మీద జాలిపడి ఆగినావు. నాకు తెలుసు."

లిదియమ్మ ఆయాసం ఆపుకుంది. "ఇట్రా. నా మెడ పట్టుకుని చూడు" అంది.

సారా చెయ్యి పెట్టింది. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకుని, లోపల ఏదో కొట్టుకుంటోంది.

"మోపు ఆగమనింది, ఆగినా. నీ కోసం గాదు. ఇంకొకసారి అబద్ధమాడతానా నీతో?"

సారా చెయ్యి తీసేసింది. బండకి వీపు ఆనించి అవ్వ పక్కన నిలబడింది. ఈసారి నాలుగు ఊపిర్లు చాలలేదు, ఇద్దరికీ. ఎనిమిది అయ్యాక సారాయే ముందు కదిలింది.

పదకొండో బండ కోసం వెతకవలసిన పని లేకపోయింది. దారి చదునైంది, గాలి విసురుగా తగిలింది, ఎదురుగా మసీదు గోడ. లిదియమ్మ ఆ గోడకి ఇవతల ఉన్న అరుగు మీదికి మూటని జరిపింది. మెడ మీద చెయ్యి వేసుకుని, మొదటిసారి కూర్చుంది. సారా మాత్రం ఆగకుండా పోయి, గోడని అరచేత్తో ఒక్కసారి కొట్టి, వెనక్కొచ్చింది. కింద ఉదయగిరి ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఆత్మకూరు వైపు చెరువులు ఒకదాని వెనక ఒకటి మెరుస్తున్నాయి.

పులిహోర తిన్నాక శాంతికుమార్ జేబులోంచి కాగితం తీసి, క్యారియరు మూత మీద పెట్టుకుని రాశాడు. రాసింది చదివాడు. "మా అమ్మాయి దుర్గం కొండ మసీదు దాకా నెమ్మదిగా ఎక్కగలదని తెలియజేయడమైనది."

"నెమ్మదిగా తీసెయ్యి నాయనా" అంది సారా.

"నెమ్మదిగానే గదా ఎక్కింది."

"ఎట్ట ఎక్కిందో వాళ్ళడగలేదు. ఎక్కగలదా అని అడిగినారు."

శాంతికుమార్ పెన్ను ఆ మాట మీదికి తెచ్చి ఆపాడు. ఆ మాట కొట్టేస్తే కాగితం మీద మరక కనబడుతుందని, ఇంకో కాగితం తీసి మొదటి నుంచీ రాశాడు. కింద సంతకం చేసి, తారీఖు వేసి, కూతురి చేతికిచ్చాడు.

"మీ స్కూలోళ్ళు వచ్చే రోజు డ్యూటీ మార్పించుకుని నేను గూడా వస్తా" అన్నాడు.

"ఎవరి నాయనా రావడం లేదు."

"పోనీ మీ అవ్వని తీసుకుపో."

సారా అవ్వ వైపు చూసింది. చెప్పడానికి కొంచెం ఇబ్బంది పడింది. "అవ్వల్ని గూడా ఎవరూ తీసుకురారు" అంది.

లిదియమ్మకి ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆ వెంటనే, పదకొండు బండలూ ఈ పిల్లకి ఇప్పుడు కంఠతా వచ్చుంటాయన్న సంగతి తట్టింది. "నేనెందుకొస్తా? నాకు పనుండాది" అంది, మూటలోంచి రాళ్ళు తీసి పారేస్తూ.

"అందుకే దిగేది ఎట్టనో ఇప్పుడే చెప్పు" అంది సారా. "ఆ మెట్లు చూస్తే నాకు బయమేస్తా ఉంది."

"బయమే. ఎక్కేదానికన్నా దిగేదే కష్టం ఈ కొండ. చెప్తే రాదు, చూసి నేర్చుకోవాల." లిదియమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచింది. క్యాను ఖాళీ అయింది, క్యారియరు ఖాళీ అయింది. వాటిని కొడుకు చేతికిచ్చి, కొంగు నడుముకి చెక్కుకుని, పై మెట్టు అంచున నిలబడింది. "నేను నీకు ముందర దిగతా. జారితే నా మీదనే పడతావు, లోయలోకి పోవు. అడుగు నేరుగా పెట్టబాక, అడ్డంగా పెట్టు. ముందు ఆ ఇనప కాలు దించు, మంచి కాలు పైనే ఉంచు. బరువంతా వెనక కాలి మీద."

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టినా గదా."

"ఇప్పుడు అది వెనక."

శాంతికుమార్ చెయ్యి అందించాడు. సారా దాన్ని చూసింది, పట్టుకోలేదు. కాగితాన్ని మడిచి జాకెట్టు లోపల దోపుకుంది. పాదం అడ్డంగా తిప్పి, ఇనప బూటుని కింది మెట్టు మీద ఆనించి, అది జారదని నమ్మకం కుదిరేదాకా ఆగింది.

లిదియమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. రాతి మీద ఇనుము టక్కుమనడం వినబడ్డాక తను ఇంకో మెట్టు దిగింది.